మంచి బిస్కెట్ల డబ్బా

మా తమ్ముడు క్లైవ్ నాటక రచయిత. పద్దెనిమిదో ఏట, ఉత్తర ఇంగ్లండులోని మా ఊరు యాక్రింగ్టన్ వదిలి లండన్ చేరాడు. నలభై ఏళ్ళలో పదకొండు నాటకాలు రాస్తే, పదకొండూ మా వంటింట్లోనే జరుగుతాయి. ఇక్కడున్నన్నాళ్ళూ ఆ వంటింట్లో ఒక్క కప్పు కడిగిన పాపాన పోలేదు. ప్రతి నాటకంలోనూ ఒక తల్లి బంగాళాదుంపల చెక్కు తీస్తూ కన్నీళ్ళు పెట్టుకుంటుంది. మా అమ్మ ఎథెల్ ఫ్రిజ్‌లోంచి, తరిగి అమ్మే బంగాళాదుంప ముక్కల పొట్లం తీసి నూనెలో పోసేది. నాటకంలో తండ్రి బెల్టు తీస్తాడు. మా నాన్న తన పావురాలను కూడా గట్టిగా అదిలించి ఎరగడు. 'శ్రామికుల గుండెచప్పుడు' అని పత్రికలు క్లైవ్‌ని పొగిడితే, మేం ఎక్కడ చూడకుండా పోతామోనని కత్తిరించి పోస్టులో పంపేవాడు.

వాడి పనితీరు చెప్పాలి. ఇంట్లో ఎవరైనా పనికొచ్చే మాట అంటే చాలు, లేచి బాత్రూంకి వెళ్ళేవాడు. జేబులో చిన్న నోటు పుస్తకం ఉండేది. అమ్మ టీ కలుపుతూ, "మళ్ళీ పోయాడు. ఎవరే నోరు జారింది?" అనేది.

మూడో నాటకంలో మా బిస్కెట్ల డబ్బాను స్టేజీ ఎక్కించాడు. పక్కింటి మిసెస్ పిల్లింగ్ వస్తే అమ్మ మామూలు బిస్కెట్లు పెట్టి, చాక్లెట్ పూసిన మంచివి ఆ డబ్బాలో బీరువా మీద దాచేది. మా ఊళ్ళో ఎవరు దాచరు? అది కాస్తా నాటకంలో చూసి మిసెస్ పిల్లింగ్ మా గడప తొక్కడం మానేసింది. ముప్ఫై ఏళ్ళ స్నేహం. ఆ తర్వాత క్లైవ్ ఇంట్లో ఉన్నంతసేపూ అమ్మ ఆ డబ్బా దించలేదు, వాన సంగతి తప్ప మరో మాట ఎత్తలేదు.

నిరుడు మార్చిలో అమ్మ మంచం పట్టింది. క్లైవ్ వచ్చి నాలుగు రోజులు తలాపున కూర్చున్నాడు. అమ్మ "వానొచ్చేలా ఉంది" అని ఊరుకునేది. విసిగి అయిదో రోజు రైలుకి బయల్దేరాడు. ఆ సాయంత్రమే అమ్మ పోయింది.

అంత్యక్రియలయ్యాక, వచ్చినవాళ్ళకి పెట్టిన శాండ్‌విచ్‌ల బల్ల దగ్గర నన్ను పక్కకు లాగాడు. పన్నెండో నాటకానికి చివరి సీను కుదరలేదు. థియేటర్ వాళ్ళు తేదీ కూడా ప్రకటించేశారు.

"అక్కా, అమ్మ చివరిగా ఏమంది? నీకొక్కదానికే తెలుసు."

"తెలిసినా చెప్పనురా."

"నా కోసం కాదక్కా, నాటకం కోసం."

"అందుకే చెప్పను."

"పోనీ ఇంతే చెప్పు. నన్నేమైనా తలుచుకుందా?"

వాడి కళ్ళల్లో నీళ్ళు నిజమైనవే. నాకు జాలేసింది. అయినా ఆ ఒక్క మాటైనా టికెట్టు కొన్నవాళ్ళ పాలు కాకూడదని నా పంతం.

"నిన్నే తలుచుకుంది" అన్నాను.

వాడు కళ్ళు తుడుచుకుని బాత్రూంకి వెళ్ళాడు.

మొదటి ప్రదర్శనకు నన్ను మూడో వరుసలో కూర్చోబెట్టాడు. చివరి సీనులో తల్లి, సగం చెక్కు తీసిన బంగాళాదుంప చేత్తో పట్టుకుని, కొడుకు పేరు పలవరిస్తూ కన్నుమూసింది. హాలంతా ముక్కులు చీదుకుంది. పక్కసీటావిడ నా చెయ్యి నొక్కి, "ఏం తల్లండీ" అంది.

"అవునండీ" అన్నాను.

అమ్మ పోయిన రోజు, రైలుకి బయల్దేరిన క్లైవ్ గేటు వేసిన చప్పుడుకి అమ్మ కళ్ళు తెరిచింది.

"వాడు వెళ్ళాడా?"

"వెళ్ళాడమ్మా."

"అయితే ఆ మంచి బిస్కెట్లు దించవే, జానిస్."

ఒకటిన్నర తింది. మిగిలిన సగం నేను తిన్నాను.