పద్నాలుగో అంశం

ఖండమంతటా బ్యాడ్మింటన్ వ్యవహారాలు చూసే సమాఖ్య ఆఫీసంటే ఎవరైనా అద్దాల మేడ అనుకుంటారు. నిజానికది ఇండోర్ స్టేడియం మెట్లెక్కితే వచ్చే మూడు గదులు. మొదటి గదిలో కార్యదర్శి. చివరి గదిలో ఫైళ్ళు, షటిల్ కాక్‌ల పెట్టెలు. మధ్య గదిలో ఫోనక్క.

ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అదే స్థిరపడిపోయింది. నలభై మూడు దేశాల సంఘాల్లో ఎవరికి ఏ పని పడ్డా ఫోను ఎత్తేది ఆమే. డ్రాలో ఆటగాడి పేరు తప్పు పడినా, అంపైరు విమానం తప్పిపోయినా, జూనియర్ల పుట్టినతేదీ కాగితాలు గడువు దాటినా, అవతలివాళ్ళు కార్యదర్శిని అడిగేవారు కాదు. "ఫోనక్క ఉందా?" అనేవారు. "ఉండండి, కంగారు పడకండి, నేను చూస్తాగా" అనేది ఆమె. అన్నట్టే చూసేది కూడా. గొంతు విని మనిషి ముఖం ఎలా పెట్టాడో చెప్పగలిగేది. పంతొమ్మిదేళ్ళు గడిచినా ఉద్యోగం మాత్రం తాత్కాలికమే. ఏటా మార్చిలో ఒక కాగితం మీద కార్యదర్శి సంతకం పెడితే మరో ఏడాది.

ఆమె భర్తది స్టేడియం కింద చిన్న షాపు. రాకెట్లలో తెగిన తీగలు తీసి కొత్తవి బిగిస్తాడు. "ఖండాన్ని నడిపేది మా ఆవిడ, ఆవిడ స్కూటరు నడిపేది నేను" అని వచ్చినవాళ్ళతో జోకులేసేవాడు.

కార్యదర్శి మాట తీరు మెత్తన. ఫోనక్క కూతురికి ఆపరేషన్ అయినప్పుడు రెండు రోజులపాటు తన కారును ఆసుపత్రి గేటు దగ్గరే ఉంచిన మనిషి. అందుకే ఆయన ఏం చెప్పినా ఆమె ఎదురు ప్రశ్న వేసేది కాదు.

ఆ ఏడు సర్వసభ్య సమావేశానికి పది రోజుల ముందు ఆయన ఎజెండా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పద్నాలుగో అంశం దగ్గర వేలు ఆనించాడు. 'కార్యాలయ నిర్వహణలో అవసరమైన మార్పులు చేసే అధికారం కార్యవర్గానికి ఇవ్వడమైనది.' ఆమె టైపు చేసిన వాక్యమే.

"ఇది పాసైతే నిన్ను పర్మనెంటు చేయించే పూచీ నాదమ్మా. కాకపోతే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. నువ్వొకసారి అందరికీ ఫోన్లు చెయ్యి. నీ మాటంటే వాళ్ళకి గురి."

ఆమె ముఖం వెలిగిపోయింది. తన కోసం నోరు తెరిచి అడగడం ఆమెకు చేతకాని పని. గొంతు సవరించుకుని, నాలుక కరుచుకుంటూ, ముప్ఫై దేశాలకు పైగా చేసింది. కొందరు ఆటపట్టించారు. ఒక చిన్న ద్వీపం సంఘానికి కార్యదర్శి అయిన రిటైర్డు డ్రిల్లు మాస్టారైతే మాట పూర్తి కానివ్వలేదు.

"నీకు మంచి జరుగుతుందంటే చదవడం కూడా ఎందుకమ్మా? రెండు చేతులూ ఎత్తుతాను."

ముప్ఫై ఒక్క చేతులు లేచాయి, అంశం పాసైంది. హోటలు హాల్లో వెనక వరసలో హాజరు పట్టీతో కూర్చున్న ఫోనక్క ఆ చేతుల్ని చూసి కళ్ళు ఒత్తుకుంది.

మూడు వారాలకు ఓ మనిషి టేపు పట్టుకొచ్చి ఫైళ్ళ గదిలో బీరువాలు కొలవడం మొదలుపెట్టాడు.

"ఎందుకు బాబూ?" అంది.

"ఎన్ని పెట్టెలు పడతాయో చూడమన్నారండీ. నెలాఖరుకి ఓడెక్కించాలట."

ఆమె లేచి మొదటి గదిలోకి వెళ్ళింది. కార్యదర్శి కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"నేనే చెబుదామనుకుంటున్నానమ్మా. ఆఫీసు వేరే దేశానికి మారుతోంది. అక్కడ పెద్ద భవనం ఇస్తున్నారు."

"ఎవరు మార్చారు?"

"కార్యవర్గం. పద్నాలుగో అంశం కింద."



"మరి నా పర్మనెంటు?"

"అక్కడ వాళ్ళ స్టాఫ్ ఉంటారు కదా."

"మీరు, సార్?"

"నన్ను రమ్మన్నారు. డైరెక్టరుగా."

"అయితే మీకు ముందే తెలుసు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మొదటిసారి ఆమె వైపు సూటిగా చూశాడు. "నీకు చెబితే నువ్వు ఫోన్లు చేసేదానివా?"

ఆమె మెట్లు దిగి భర్త షాపులో స్టూలు మీద కూలబడింది. అతను చేతిలో రాకెట్టు పక్కన పెట్టి, అంతా విని, "నిన్ను ముంచితే ముంచాడు. నీ గొంతుతో వాళ్ళందర్నీ ముంచాడే!" అన్నాడు. అప్పటిదాకా ఆమెకు తన ఉద్యోగమే కళ్ళ ముందుంది.

మర్నాడు డ్రిల్లు మాస్టారే ఫోను చేశాడు. చిన్న దేశాల పిల్లలకు ఏటా ఈ స్టేడియంలో జరిగే శిక్షణ శిబిరం ఇక ఉండదని ఆయనకు ఉత్తరం వచ్చింది.

"మా పిల్లలు పన్నెండుమంది సంచులు కూడా సర్దుకున్నారమ్మా. నువ్వు చెప్పావనే చెయ్యెత్తాను."

"నాకు తెలీదు మాస్టారూ. మా పిల్లమీద ఒట్టు, నాకు తెలీదు."

"అలాగేనమ్మా. నీకు తెలిసుండదులే."

ఆ 'లే' దగ్గర ఆయన నమ్మలేదని ఆమెకు అర్థమైపోయింది.

ఆ పూట నుంచి నాలుగు రోజులు ఆమె అందరికీ మళ్ళీ ఫోన్లు చేసింది. పద్నాలుగో అంశం దేనికోసమని తనకు చెప్పారో, అసలు దేనికోసమో విడమరిచి చెప్పింది. మూడో రోజు కార్యదర్శి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆఫీసు ఫోను నీ సొంత గొడవకా?"

"అప్పుడు చేసింది కూడా దీంతోనే కదండీ" అని మళ్ళీ డయల్ చేసింది.

ఆ తీర్మానం రద్దు చేయడానికి ప్రత్యేక సమావేశం పెట్టించాలంటే పదిహేను సంఘాల సంతకాలు కావాలి. తొమ్మిది వచ్చాయి. కొందరు జాలిపడ్డారు, కొందరు మాట తప్పించారు, ఒకాయన "నీకు అక్కడ సీటు దొరకలేదని ఇప్పుడిలా అంటున్నావా?" అన్నాడు. నెలాఖరుకు ఓడ వెళ్ళిపోయింది. కార్యదర్శి వెళ్తూ వెళ్తూ ఆమె సేవలను మెచ్చుకుంటూ చెక్క ఫ్రేము కట్టించిన ప్రశంసాపత్రం బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆమె దాన్ని అక్కడే వదిలేసి గది తాళం స్టేడియం వాచ్‌మన్‌కి ఇచ్చేసింది.

ఇప్పుడామె భర్త షాపులో కూర్చుంటోంది. ఎవరి రాకెట్టు ఎప్పుడిస్తారో చీటీలు రాస్తుంది. ఆరు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కార్యదర్శి ఫోను చేశాడు. అధ్యక్ష ఎన్నికట. తాను నిలబడుతున్నాడట.

"పాతవేం మనసులో పెట్టుకోకమ్మా. ఒక్క పదిమందికి నువ్వు చెబితే చాలు."

"నా మాట ఇప్పుడెవరూ నమ్మరు సార్. మీరే అలా చేశారు" అని పెట్టేసింది.

ఆ తర్వాత డ్రిల్లు మాస్టారికి రెండుసార్లు చేసి చూసింది. శిబిరం గురించి కాదు, ఎలా ఉన్నారో అడుగుదామని. రెండుసార్లూ రింగై రింగై ఆగిపోయింది.