వేలు ఆగిన జత

మాట్లాడుతున్నంతసేపూ ఆమె చూపుడువేలితో కనిపించనిదేన్నో పక్కకు నెడుతుండేది. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో, బెల్టు మీద వచ్చే మాత్రల్లోంచి విరిగినవాటిని ఏరెయ్యడం ఆమె పని. ఆ పని వేలికి అలవాటైపోయింది.

ఆమె కూతురికి అరుదైన రక్తక్యాన్సర్. ల్యాబులో ఆ పాప క్రోమోజోములను ఫొటో తీసి, జతలుగా పేర్చి, తేడా పట్టుకోవడానికి నాకు ఒక పూటంతా పట్టింది. రిపోర్టు కోసం వచ్చిన ఆమె, "జెర నాకు గూడ సూపియ్యుండ్రి సారు" అంది. ఏం అర్థమవుతుందిలే అనుకుంటూనే ఆ ఫొటో ఉన్న కాగితం ఇచ్చాను.

నేనేమీ చెప్పకముందే ఆమె వేలు వరుసల వెంట జారి ఒకచోట ఆగింది.

"గీ జతల ఒకటి పొట్టిగున్నది. గా జతల ఒకటి పొడుగున్నది. దీని ముక్క పొయ్యి దానికి అతుక్కున్నదా సారు?"

నేను పూటంతా వెతికింది అదే.

"అవునమ్మా."

"మరి పాప ఒంట్లకెళ్లి గిసొంటియి ఏరెయ్యొస్తదా?"

"మందులు ఇచ్చేది అందుకేనమ్మా" అన్నాను.

ఆమె తలూపింది. కాగితం మీది ఆ జతను వేలితో మెల్లగా పక్కకు నెట్టింది. మళ్లీ నెట్టింది.