మొలతాడు ముడి

టికెట్లు అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. విశాఖ రేవులో ఓడ ఎక్కాకే తెలిసింది, పిల్లల్ని చూసుకునే గదిలోకి మూడేళ్లు నిండనివాళ్లను తీసుకోరని. మా పాపకు అప్పటికి ఏడాదిన్నర. సాయంత్రం భోజనాల హాలు బయట ఎవరు ముందు తినాలని నేనూ మా ఆయనా తగువులాడుకుంటుంటే, డెక్కు మీద బెంచీపై కూర్చున్న ఒక పెద్దావిడ, "గుంటని నాను సూత్తాను, బేగి తినేసి రండమ్మా" అంది. భీమిలి అట. అంతకుమించి ఆవిడెవరో మాకు తెలియదు.

మనసొప్పకుండానే పాపను అప్పజెప్పి, ఆవిడా పాపా కనిపించేలా కిటికీ అద్దం పక్క బల్ల దగ్గర మా ఆయనతో కూర్చున్నాను. రెండు ముద్దలు తిన్నానో లేదో, ఆవిడ చెయ్యి పాప గౌను కిందికి, మొలతాడు దగ్గరికి పోయింది. ఆ మొలతాడుకు రెండు వెండి మువ్వలున్నాయి. అనుకున్నంతా అయిందని ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను.

మొలతాడుకు ఆవిడ చీరకొంగు ముడేసి ఉంది.

"నీటి కాడ పిల్లల్ని మేం ఇలాగే కట్టుకుంతామమ్మా. సెయ్యి జారిపోద్ది గానీ ముడి జారదు."

నేను సిగ్గుపడాల్సింది. కానీ నా ఎడమచెయ్యి అప్పటికే గౌను కింద మువ్వల కోసం తడుముతోంది. ఆవిడ కొంగు విప్పుకుంటూ అది చూసింది.

"రెండూ ఉన్నాయమ్మా" అంది.