రౌటర్ తీసేసిన రోజు

బిలాస్‌పూర్‌లో నేను పనిచేసే హిందీ పత్రిక కార్యాలయంలో బీరువా పక్కన ఒక రౌటర్ ఉండేది. ఏ సమాచారం ఏ దారిన పోవాలో అక్కడికక్కడే తేల్చే పెట్టె. యాజమాన్యం ఈమధ్య శాఖలన్నింటిలోనూ వాటిని తీయించి స్విచ్‌లు పెట్టించింది. స్విచ్ వైర్లను కలుపుతుంది, అంతే. దారి చూపే పనంతా ఇక ప్రధాన కార్యాలయంలోని యంత్రాలదే. ఆ మార్పు మంచిదే కావచ్చు. నా కోపం దాని మీద కాదు.

ఇంజనీరు వచ్చి చేయాల్సిన పని అది. కాగితం మీద అలాగే ఉంది. వచ్చింది మాత్రం కొరియర్‌లో ఒక అట్టపెట్టె, ఆ వెనక ప్రధాన కార్యాలయం ఇంజనీరు నుంచి ఒక ఫోను. దాంతో మా టెక్నీషియనే దిగాడు. కాంట్రాక్టు మనిషి, ఊళ్లోనే కుదుదండ్ పేటలో ఉంటాడు. శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వచ్చి స్థిరపడిన కుటుంబం. తండ్రి రైలింజన్ల షెడ్‌లో ఫిట్టర్. ఎక్కడైనా వైరు కొస వేలాడుతూ కనిపిస్తే దాని సంగతి తేల్చకుండా డ్యూటీ దిగేవాడు కాదట. కొడుక్కీ అదే అలవాటు.

మేడమీద ప్రకటనల విభాగంలోని చిన్న స్విచ్ నుంచి కిందికి రెండు వైర్లు ఉన్నాయి. ఒకటి వాడుకలో ఉంది. రెండోది, మొదటిది పాడైతే పనికొస్తుందని ఎవరో వేసి వదిలేసింది. దాని కొస బీరువా వెనక ఊరికే వేలాడేది.

అతను ఫోను స్పీకర్‌లో పెట్టి పని మొదలెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. ఒక వైరు ఖాళీగా ఉంది, ఏం చేయమంటారని హిందీలో అడిగాడు.

"అరే భాయ్, జో ఖాలీ హై, సబ్ లగా దో!" అన్నాడు అవతలి ఇంజనీరు. ఖాళీగా ఉన్నవన్నీ పెట్టెయ్యమని.

పెట్టాడు. రెండు వైర్లూ కలిసి ఒక చుట్టు అయిపోయింది. లోపలికి వచ్చిన సమాచారం బయటికి పోయే దారి లేక అందులోనే గిరగిరా తిరిగి, కాసేపట్లో ఆఫీసంతా స్తంభించింది. ఆదివారం అనుబంధం పేజీలు ఆ మధ్యాహ్నం ప్రెస్సుకు వెళ్లలేదు. చివరికి ఒక్కో వైరూ పీకి చూసి కారణం కనిపెట్టిందీ అతనే. అలాంటి చుట్టును ఆపే ఏర్పాటు ఆ స్విచ్‌లోనే ఉందట. దాన్ని ఆన్ చేయకుండా పంపారు.

మూడో రోజు ప్రధాన కార్యాలయం నుంచి నివేదిక వచ్చింది. స్థానిక సిబ్బంది అనుమతి లేకుండా వైరు కలిపారని అందులో ఉంది. కింద అతని సంతకానికి చోటు, బ్యూరో బాధ్యుడిగా నా సంతకానికి చోటు. అతను సంతకం పెడితే కాంట్రాక్టు మళ్లీ రాదని ఆఫీసులో అందరికీ తెలుసు. అయినా జేబులోంచి పెన్ను తీశాడు.

"ఏటి, పెట్టేస్తావా?" అన్నాను.

"పెట్టమన్నారు కదన్నయ్యా. మా నాన్న షెడ్‌లో ఇలాటి సంతకాలు ఎన్నెట్టీసినాడో. పెట్టీస్తే గొడవ సల్లారిపోద్ది."

"గొడవతోపాటు నీ పొయ్యి కూడా చల్లారిపోద్ది."

"మరైతే నానేటి సేసీది? ఆల్లు పెద్దోల్లు!"

పెన్ను లాక్కున్నాను. ఎవరు ఏమన్నారో రాసి ఇన్నేళ్లు బతికినవాణ్ని. అతను అడిగిన ప్రశ్న, ఇంజనీరు చెప్పిన జవాబు, ఫోను వచ్చిన సమయం నివేదిక కిందనే రాసి, నా చెవులతో విన్నానని సంతకం పెట్టి పంపించాను.

క్షమాపణ రాలేదు. సవరించిన నివేదిక వచ్చింది. వైరు కలపమన్నది తమ ఇంజనీరేనని ఒప్పుకుంటూ ఒక వాక్యం, ఆ వెంటనే ఇంకొకటి: నెట్‌వర్క్ ఇక ప్రధాన కార్యాలయం నుంచే నడుస్తుంది కనుక నెలాఖరు తర్వాత శాఖలో టెక్నీషియన్ అవసరం లేదు. ఇంజనీరు ఉద్యోగానికి మాత్రం ఏమీ కాలేదు.

"అచ్ఛా, తప్పు నాది కాదని రాసినారు కదా," అన్నాడు అతను. "ఆ కాయితం ఇప్పించన్నయ్యా. సీపత్ కరెంటు ప్లాంటులో పని సూసుకోవాల, ఆ కాంట్రాక్టరు అక్కడెందుకు మానీసినావని అడుగుతాడు."

అడిగాను. అది సంస్థ లోపలి పత్రం, బయటికి ఇవ్వకూడదన్నారు. అతనిదే తప్పని రాసిన మొదటి నివేదిక అప్పటికే శాఖలన్నింటికీ వెళ్లిపోయింది. అది మాత్రం లోపలిది కాదు కాబోలు!

రెండోదాన్ని నేనే ప్రింట్ తీసి, ఆఫీసు ముద్ర వేసి అతని చేతిలో పెట్టాను. ఎవరు అడిగినా నా పేరే చెప్పమన్నాను.