నేను తీసేయించిన బ్రాకెట్లు

నాకు ముక్కు మీద కోపం. మడికొండలోని మా ఆఫీసులో ఆ సంగతి అందరికంటే బాగా తెలిసింది పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయికి. నా కింద చేరి ఆరు నెలలు కావస్తోంది. ఆమెను పర్మనెంట్ చేయాలా, ఇంటికి పంపాలా అన్నది ఆ శుక్రవారం మేనేజర్ తేల్చబోతున్నాడు.

వరంగల్ మిర్చి వ్యాపారి ఒకాయన కోసం మేం ప్రోగ్రాం రాస్తున్నాం. వేల బస్తాల బరువులను ఒక్క వరుసగా తీసుకుని, ఒకే లైనులో లెక్క తేల్చేసే కంప్యూటర్ భాష అది. నాకు ఆ భాషంటే ప్రాణం. పది లైన్ల పని ఒక్క లైనులో ముగిస్తే కడుపు నిండినట్టుంటుంది. ఎవరైనా ఒక్క గుర్తు ఎక్కువ రాస్తే మాత్రం ఊరుకోను.

బుధవారం పొద్దున పరీక్షించి చూస్తే విడ్డూరం. నలభై రెండు కిలోల బస్తాలో గోనెసంచికి ఒక కిలో, తేమ ఉందని కోసే తరుగు రెండు కిలోలు పోతే ముప్పై తొమ్మిది మిగలాలి. మా ప్రోగ్రాం నలభై మూడు చూపిస్తోంది! సంచి తీసేశాక మిర్చి బరువు పెరిగిందన్నమాట.

"ఎవలి తప్పో రేపటికల్ల రాసియ్యి" అని నాకు చెప్పి వెళ్లాడు మేనేజర్. ఆ లైను రాసింది ఆ అమ్మాయే.

"మిర్చి పండించే ఇంటి పిల్లవు, ఈ మాత్రం తీసివేత రాదా?" అని అందరి ముందూ అరిచాను. ఆమె తన సీటుకెళ్లి ఆ లైను మళ్లీ తెరిచింది.

భాష ఆ లైనును విడగొట్టి చదివే పద్ధతిలోనే లోపముందేమోనని మధ్యాహ్నం దాకా వెతికాను. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆమెనే పిలిచి, ఒక్కో అడుగూ కాగితం మీద వేయమన్నాను. ముందు సంచి తీసింది, తర్వాత తరుగు తీసింది. కాంటా దగ్గర చెప్పే వరుస అదే. ఈ భాష మాత్రం కుడి చివరి నుంచి మొదలుపెడుతుంది. ఒకటిలోంచి రెండు ముందే తీసేసింది, మైనస్ ఒకటి వచ్చింది. దాన్ని నలభై రెండులోంచి తీస్తే నలభై మూడే మరి.

"మొదటి తీసివేతకు బ్రాకెట్లు పెడితే అయిపోతుండె గదమ్మా" అన్నాను.

ఆమె తల దించుకుంది. "పెట్టిన సార్. మీరే తీసేయమన్నరు."

పాత కాపీ తెరిచాను. బ్రాకెట్లు ఉన్నాయి. పక్కనే నా రాత: 'ఈ చెత్త ఎందుకు? తీసెయ్.'

"మరి పొద్దున గంతగనం తిడుతుంటే ఎందుకు చెప్పలే?"

"పెద్దోళ్లు గద సార్. మా బాపు గూడ గంతే. కాంట కాడ రెండు కిలోల తరుగు అంటే తలకాయ ఊపి వస్తడు. ఎదురు మాట్లాడితే బస్తాలు పక్కకు పెడ్తరని భయం."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్లూ ఆమెకు నేనూ ఆ కాంటా దగ్గరి మనిషిలాగే కనిపించానన్నమాట. 'ఆమె సరిగ్గానే రాసింది. బ్రాకెట్లు తీసేయించింది నేను' అని రాసి ఆ సాయంత్రమే మేనేజర్‌కిచ్చాను. శుక్రవారం ఆమె ఉద్యోగం ఖాయమైంది.

మరుసటి వారం నేను రాసిన లైను ఒకటి సరిచూడమని ఆమెకిచ్చాను. కాగితం మీద ఒక్కో అడుగూ వేసుకుంది. లేచి నా కుర్చీ దాకా వచ్చి అంది:

"ఈడ మీది తప్పు సార్."

కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. మింగేసి, కుర్చీ పక్కకు జరిపి, "ఏది, చూపియ్యమ్మా" అన్నాను.