రింగిచ్చి కట్ చేసే రైతులు

నారాయణఖేడ్‌లో డ్రిప్పు రైతుల ఫిర్యాదులు వినే ఫోన్ సెంటర్‌కు నేను మేనేజర్‌ని. కాల్స్ సాఫ్ట్‌వేర్‌లో ఏ లెక్క కావాలో అడిగే క్వెరీలు రాసి నెలవారీ రిపోర్టు తీసేది నేనే.

నిరుడు ఆ రిపోర్టులో, కర్ణాటక సరిహద్దునున్న నాగల్‌గిద్ద వైపు కాల్స్ చూసే సునీత ఎత్తని ఫోన్లే అందరికంటే ఎక్కువ కనిపించాయి. "అందరికీ జవాబు చెప్పిన సార్" అంటే, "కంప్యూటర్ అబద్ధమాడ్తదా?" అని అందరి ముందే ఆమె నోరు మూయించాను. హైదరాబాద్ ఆఫీసు ఆమెను తీసేయమంది.

ఆ మాట చెప్పడానికి ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లాను. ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. సునీత వెంటనే ఆ నంబరుకు తిరిగి చేసి, కన్నడం కలిపి ఓ రైతుకు ఫిల్టర్ కడగడం చెప్పింది.

"గట్ల చూస్తుండ్రేంది సార్? మనోళ్లు రింగిచ్చి కట్ చేస్తరు, మనమే చెయ్యాలె. మీ కంప్యూటర్‌కు గా సంగతి ఎర్కలేదా?" అంది.

కంప్యూటర్‌కు ఎరుకే. తిరిగి చేసిన కాల్స్ వేరే పట్టికలో ఉన్నాయి, నా క్వెరీ దాన్ని చూడనేలేదు. అక్కడే కూర్చుని రెండు పట్టికలనూ నంబర్ల ప్రకారం కలుపుతూ క్వెరీ మళ్లీ రాశాను. రిపోర్టు తెరుచుకుంది. జవాబిచ్చినవాళ్లలో అందరికంటే పైన సునీత పేరు.

స్పీకర్ పెట్టి హైదరాబాద్‌కు ఫోన్ చేసి, తప్పు నాదని, సునీతను తీసేయొద్దని అందరికీ వినబడేలా చెప్పాను. గదంతా చప్పట్లు.

"ఇగ చాయ్ మీరే తాపాలె సార్, అందరికి" అంది సునీత.

ఊళ్లో కొందరు ఇప్పటికీ ఆమెను ఫోన్ ఎత్తనామె అంటున్నారట. ఆ పేరు పుట్టింది ఆనాడు అందరి ముందు నేనన్న మాటతోనే. వాళ్లు చదవాలనే ఇది రాస్తున్నాను: మా సెంటర్లో రైతులకు అందరికంటే ఎక్కువ జవాబిచ్చిన మనిషి సునీత.