చల్లారని ఓడ

సెలూన్ నడిపే అతన్ని ఆ వీధంతా కెప్టెన్ అనేది. సెలవురోజు మధ్యాహ్నం షట్టర్ సగానికి దించి, పక్కకొట్టు దర్జీనీ, తన చెల్లెలి మొగుణ్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి అంతరిక్ష నౌకల ఆట ఆడించేవాడు. వాళ్లిద్దరూ ఓడ సిబ్బంది. చీకటినీ శత్రువునీ మాటలతో అల్లేది కెప్టెన్. ఏం జరగాలో పాచికలు తేల్చేవి.

ఏళ్లుగా అతన్ని పీడించిన చిక్కు ఒక్కటే, దాక్కున్న శత్రువు ఓడ. "వెతకండి, పాచికలెయ్యండి" అంటే చాలు, అక్కడేదో ఉందని వాళ్లకు తెలిసిపోతుంది. అందుకే ఏమీ లేనప్పుడు కూడా సబ్బుగిన్నె చాటున ఊరికే పాచికలు గలగలలాడించేవాడు. పైగా అంతరిక్షంలో వేడి దాగదు. దాగాలంటే ఓడలో అన్నీ ఆపేసి, వేడిని లోపలే దిగమింగుకోవాలి. అప్పుడు ఉడికేది లోపలివాళ్లు. ఆ రూలు పెట్టింది అతనే.

ఒక సెలవురోజు చెల్లెలు సెలూన్ అటక మీద ఉంది. విరిగిన చేతికి కట్టుతో ముందురోజే వచ్చింది. మొగుడు ఆటకు రాడనుకున్నాడు కెప్టెన్. షట్టర్ కింద అతని బూట్లు కనబడగానే గరగరమనే అటక ఫ్యాను స్విచ్ ఆపేశాడు. పైన రేకుల కప్పు, బయట మండే ఎండ.

"ఏం బావా, మీ చెల్లెలు ఇటొచ్చిందా?"

"లేదు బావా. ఎందుకొస్తుంది?"

"సరే, ఆడదాం. ఓడ ఎక్కడుందో చూద్దాం."

దర్జీ నవ్వాడు. "నా కొట్లో సూది పడితేనే పూటంతా వెతుకుతాను. ఆకాశంలో ఓడేం దొరుకుతుందయ్యా!"

"వెతకడం దేనికి?" అంటూ చెల్లెలి మొగుడు కాళ్లు బారజాపాడు. "కూర్చుందాం. ఎంతసేపని ఉడుకుతారు? వాళ్లే తలుపు తీస్తారు."

పైన రేకు టప్పుమంది. తర్వాత ఏ అలికిడీ లేదు. కెప్టెన్ వీపు తడిసిపోయింది. ఆట ముగిస్తే పోతాడనుకుని, "దొరికింది బావా, నువ్వే గెలిచావ్" అన్నాడు.

"అదేంటి కెప్టెన్, పాచికలే వెయ్యలేదుగా!" అన్నాడు దర్జీ, ఏమీ తెలియక.

చెల్లెలి మొగుడి ముఖంలో నవ్వు పోయింది. "ఇన్నేళ్లలో నువ్వు ఓడని ఊరికే ఇచ్చింది లేదు బావా." అతని చూపు మూలనున్న నిచ్చెన మీద ఆగింది.

పైన ఇంకా చప్పుడు లేదు. ఆమె దొరికిపోతుందన్న భయాన్ని, అసలు ఊపిరుందా అన్న భయం మింగేసింది. కెప్టెన్ షట్టర్ పూర్తిగా ఎత్తేశాడు. బస్సు కోసం నిలబడ్డ జనం తిరిగి చూశారు. వెనక్కొచ్చి స్విచ్ వేశాడు. అటక మీద ఫ్యాను గరగరమంది.

"పైనే ఉంది. ఇంతమంది చూస్తుండగా ఎక్కు, చూస్తాను."

దర్జీ తన కుర్చీని నిచ్చెనకు అడ్డంగా లాగి కూర్చున్నాడు. చెల్లెలి మొగుడు జనాన్ని చూశాడు, నిచ్చెనను చూశాడు, బయటికి నడిచాడు. రోడ్డుకు అవతల తన బండి మీద, సెలూన్ వైపు తిరిగి కూర్చున్నాడు.

కెప్టెన్ నీళ్లు తీసుకుని పైకెక్కాడు. ఆమె గటగటా తాగింది.

"వెళ్లాడా అన్నయ్యా?"

"లేదమ్మా. ఎదురుగానే ఉన్నాడు."

"కనిపిస్తున్నాడా?"

"కనిపిస్తున్నాడు."

"అయితే ఫ్యాను ఆపకు."